గోడవైపు తిప్పిన కివీ బొమ్మ

మా అమ్మాయి చదివిన బడి బుధవారం తొమ్మిదిన్నర నుంచి పది దాకా మూసి ఉన్నట్టు లెక్క. గేటు తెరిచే ఉంటుంది. టీచర్లు ఉంటారు. పిల్లలు ఎవరి గదుల్లో వాళ్ళు కూర్చునే ఉంటారు. కాగితం మీద మాత్రం బడి మూసేస్తారు. న్యూజీలాండ్ ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో మతం బోధించకూడదని చట్టం ఉంది. బడి మూసి ఉన్న సమయంలో బయటివాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చని కూడా ఆ చట్టమే అంటుంది. అందుకని వారానికి అరగంట బడి మూసి, చర్చి నుంచి వాలంటీర్లను రప్పించి, పది కాగానే మళ్ళీ తెరుస్తారు. ఇంత మర్యాదగా ఆడే దొంగాటను నేను ఇంకెక్కడా చూడలేదు.

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. బడి ఉన్న పేట పాపకూర, అక్కడి లైబ్రరీలో చదివి తెలుసుకున్నాను. నేను బడికెళ్ళి చదివింది ఇంటర్ మొదటి సంవత్సరం దాకా, అదీ ఆర్ట్స్. కరీంనగర్ దగ్గర మా ఊళ్ళో ఆ తర్వాత చదువు ఆగిపోయింది. ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకున్న ఇంగ్లిష్‌కు పిల్లల అరలోని బొమ్మల పుస్తకాలే అందేవి. వాటితోనే మొదలుపెట్టాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని, తెలియని మాటలు నోటుబుక్కులో రాసుకుంటూ, ఆరేళ్ళలో సైన్సు అరను ఈ చివర నుంచి ఆ చివర దాకా దాటాను. మనురేవాలో కూరగాయల దుకాణంలో నా పని మధ్యాహ్నం ఒంటిగంటకు అయిపోతుంది. రైల్లో పాపకూర వచ్చి, అమ్మాయి బడి వదిలే దాకా లైబ్రరీలో కూర్చునేదాన్ని. అప్పటికి నోటుబుక్కులు పదకొండు నిండాయి. డిగ్రీలున్న వాళ్ళ ముందు ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు, ఇప్పటికీ లేదు.

ఇక్కడ ఒకామె గురించి చెప్పాలి. గుంటూరు వైపు ఆమె. ఆస్పత్రిలో నర్సు. మాకంటే చాలా ముందు వచ్చి స్థిరపడింది. మేము దిగిన వారం మా ఫ్లాట్‌కు దుప్పట్లు, రైస్ కుక్కర్ పట్టుకొచ్చింది. ఏ రైలు ఎక్కాలో చూపించింది, దుకాణంలో పని ఇప్పించింది. నన్ను చెల్లెమ్మా అని పిలిచేది, నేను అక్కా అనేదాన్ని. ఆమె ఆదివారం చర్చికి వెళ్ళేది, మేము శనివారం గుడికి వెళ్ళేవాళ్ళం. ఏళ్ళ తరబడి మా మధ్య ఆ విషయమే రాలేదు. మా అమ్మాయి క్లాసుకు బుధవారం వచ్చే వాలంటీరు ఆమే.

పిల్లను ఆ అరగంటలో కూర్చోబెట్టడం ఇష్టం లేకపోతే ఏటా బడి ఏడాది మొదలయ్యే ఫిబ్రవరిలో ఒక ఫారం నింపి ఇవ్వాలి. చివర ‘కారణం’ అని ఒక గీత ఉంటుంది. మొదటి ఏడాది నేను ‘మేము హిందువులం’ అని రాసిచ్చాను. అది నిజమే. కాని అది కారణం కాదు. అసలు కారణం రాస్తే ఎవరితోనో వాదించాల్సి వస్తుంది, మతం పేరు రాస్తే ఎవరూ ఏమీ అడగరు. అలా సులువు చూసుకున్నాను. తర్వాత రెండేళ్ళూ అదే రాశాను.

ఫారం ఇచ్చిన పిల్లలను ఆఫీసు బయట వరండాలో ఒక పొట్టి బెంచీ మీద కూర్చోబెట్టి, రంగులేసుకునే కాగితాలు ఇచ్చేవాళ్ళు. బడిలో లైబ్రరీ ఉంది. కాని లైబ్రేరియన్ గురువారం మాత్రమే వస్తుంది కాబట్టి బుధవారం దానికి తాళం. మా అమ్మాయి ఆ తాళం ఎదురుగా కూర్చుని మూడేళ్ళు సీతాకోకచిలుకలకు రంగులేసింది.

దానికి ఎనిమిదేళ్ళు నిండిన ఏడాది చలికాలంలో క్లాసులో పక్షుల గురించి పాఠం పెట్టారు. ఒక్కొక్కరు ఒక పోస్టరు చేయాలి. మాది కివీ. నగరంలో మ్యూజియానికి తీసుకెళ్ళాను. అక్కడ అద్దం వెనక కివీ ఎముకల గూడు ఉంది. కివీకి రెక్కలు లేవని అందరూ అనుకుంటారు. ఉన్నాయి. ఈకల కింద, అగ్గిపుల్లంత, దాని కొసన ఒక చిన్న గోరు. మా అమ్మాయి ఆ అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు నిలబడింది. ఇంటికొచ్చి రెక్కను ఉన్నంత సైజులోనే గీసింది, గోరుతో సహా. కింద తన మాటల్లో రాసింది: దీని పూర్వీకులు ఎగిరేవి, ఇక్కడ నేల మీద వేటాడే జంతువులు లేవు, ఎగరక్కర్లేని పక్షులకు చాలా చాలా కాలంలో రెక్కలు చిన్నవైపోయాయి. పైన పెద్ద అక్షరాలతో ‘కివీకి రెక్కలున్నాయి’ అని పేరు పెట్టింది. నేను ఒక్క అక్షరం కూడా చెప్పలేదు. టీచరు దాన్ని కిటికీ పక్కన గోడకు పెట్టింది.

తర్వాతి బుధవారం అరగంటలో ఒక పాప ఆ పోస్టరు చూపించి అక్కను ఏదో అడిగిందట. దాని తర్వాతి బుధవారం పదింటికి మా అమ్మాయి వరండా నుంచి క్లాసులోకి వెళ్ళేసరికి పోస్టరు గోడవైపు తిరిగి ఉంది. తెల్లటి వెనక వైపు, మూలల్లో పిన్నుల తలలు. వాలంటీర్ కోరిందని టీచరు తిప్పింది, అరగంట అయ్యాక మళ్ళీ ఇటు తిప్పింది. మరుసటి వారం ఇటు తిప్పడం భోజనాల వేళ దాకా మరిచిపోయింది. ఆ పై వారం మా అమ్మాయే కుర్చీ ఎక్కి తిప్పింది. నాలుగో వారానికి పోస్టరు గోడ మీద లేదు. సామాన్ల గదిలో కాగితపు చుట్టల వెనక కనిపించిందని ఇంటికొచ్చి చెప్పింది. ఏడవలేదు. షూ లేసులు విప్పుకుంటూ, తప్పేమైనా రాశానా అని అడిగింది. లేదన్నాను. మరి ఎందుకు తీశారు అంది.

అక్క శుక్రవారాలు మా దుకాణానికి వచ్చేది. ఫిజీ నుంచి బెండకాయలు ఆ రోజే వస్తాయి. మనవాళ్ళందరిలాగే ఒక్కొక్క కాయ కొస విరిచి, లేతదైతే సంచీలో వేసుకుని, ముదిరింది గంపలో వదిలేసేది. మా ఓనరుకు అది చూస్తే ఒళ్ళు మంట. అక్క కాబట్టి నేను చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని.

ఆ శుక్రవారం దగ్గరికి వెళ్ళి, మా పిల్ల బొమ్మ మీకేం అపకారం చేసిందక్కా అని అడిగాను.

“నాకేం చేస్తుంది చెల్లెమ్మా. పిల్లలు కంగారు పడుతున్నారని టీచరుతో ఒక మాటన్నాను” అంది, కాయ విరుస్తూ. “దాని గురించి నేను దేవుడి పేరు కూడా ఎత్తలేదు. డిజైన్ అన్నానంతే. ఎగరక్కర్లేని పక్షికి ఇంత రెక్క చాలని కొలిచి పెట్టినవాళ్ళు ఒకరుంటారు కదా అన్నాను. ఇప్పుడు చదువుకున్నవాళ్ళంతా అంటున్నదే.”

“కొలిచి పెట్టినవాళ్ళు ఆ కొసన గోరెందుకు పెట్టారు?”

“అది పెట్టినవాళ్ళకు తెలుసు.”

తర్వాత కంటి సంగతి తీసింది. తాను నర్సునని, మనుషుల లోపల ఏముందో కళ్ళారా చూసినదాన్నని, ఇంత చక్కటి కన్ను దానంతటదే వచ్చిందంటే నమ్మడం తన వల్ల కాదని అంది. నేను దాని కోసమే కాచుకుని ఉన్నాను. మన కంట్లో నరం బయటికి పోయే చోట చూపే ఉండదని, ఆక్టోపస్ కంట్లో ఆ లోపం లేదని చెప్పి, “మీ డిజైనరుకు మనకంటే ఆక్టోపస్ మీద ప్రేమ ఎక్కువా అక్కా?” అన్నాను.

అక్క నవ్వింది. కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేది. “లైబ్రరీ బాగానే వంటబట్టింది. ఆ కార్డు నీ చేత తీయించింది ఎవరో గుర్తుందా?” అంది.

గుర్తుంది. మా పేరు మీద కరెంటు బిల్లు కూడా లేని రోజుల్లో, అడ్రసుకు తన మాట పూచీ పెట్టి ఆ కార్డు ఇప్పించింది ఆమే. ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు అంటుందని నాకు తెలుసు. “కాయలు విరవకండక్కా. మిగతావి ఎవరూ కొనరు” అన్నాను. ఆమె సంచీ గంపలోకి వంచేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా మధ్య మంచి మాట అంటూ ఏదీ మిగల్లేదు.

బడి కమిటీ నెలకోసారి సాయంత్రం ఆరింటికి స్టాఫ్ రూములో కూర్చుంటుంది. తల్లిదండ్రులు ముందుగా అడిగితే ఐదు నిమిషాలు మాట్లాడనిస్తారు. అడిగాను. ఆ అరగంటను ఎత్తేయమని అడగదలచుకోలేదు. అది నా వల్ల కాదని తెలుసు. నేను అడగదలచింది ఒక్కటే, పోస్టరును దాని గోడకు పెట్టండి, అరగంటలో కూడా దాన్ని ఇటే ఉండనివ్వండి. మా ఆయనకు ఇది నచ్చలేదు. “నీకెందుకే గీ లొల్లి? పిల్ల సదువుకుంటుంది గదా. రేపు టీచర్లు దాన్ని పక్కన పెడితే నువ్వు బోయి సదువు జెప్తవా?” అన్నాడు. చెప్తాను అన్నాను.

ఆ సాయంత్రం ఆయనకు డ్యూటీ ఉండి అమ్మాయిని నాతోనే తీసుకెళ్ళాను. బల్ల చుట్టూ కమిటీ వాళ్ళు ఏడుగురు, టీ, బిస్కట్లు. ప్రిన్సిపాల్ పొడుగాటి మనిషి, నెమ్మదస్తుడు, ఎవరితోనూ తగాదా రాకుండా చూసుకోవడమే ఉద్యోగం అనుకునేవాడు. గోడ పక్కన కుర్చీల్లో అక్క, ఇంకొక వాలంటీరు, ఒకరిద్దరు తల్లులు. నేను నోటుబుక్కు తెరిచి నాలుగు నిమిషాలు మాట్లాడాను. కివీ ఎముకలు, గోరు, ఎగరడం మానేసిన మిగతా పక్షులు. ఇంగ్లిష్ ఎక్కడా తడబడలేదు. ఎవరి ముఖంలోనూ కదలిక లేదు.

అప్పుడు కమిటీలో ఒక పెద్దాయన, నా ఫారం కాపీ ఆయన ముందు ఉంది, దయగా నవ్వి, మీరు హిందువులు కదా, మీ మతం దీని గురించి ఏమంటుంది అని అడిగాడు.

దానికి జవాబు నా నోటుబుక్కులో రాసి ఉంది. ఇది నా మతం గురించి కాదు, ఒక పక్షి గురించి. అంతే. అది చదివి కూర్చుంటే సరిపోయేది. కాని నాలుగు నిమిషాల్లో ఆ గదిలో నావైపు నవ్విన మొదటి ముఖం అది. మా ఊరి హైస్కూల్లో తెలుగు మాస్టారు చెప్పిన మాట, మనలో ప్రతివాళ్ళూ ఎక్కడో ఒకచోట విన్న మాట, నోట్లోంచి వచ్చేసింది. మా దశావతారాల్లో ఇదంతా ఎప్పుడో ఉంది అన్నాను. వేళ్ళు మడుస్తూ చెప్పాను. ముందు చేప, తర్వాత తాబేలు, తర్వాత పంది, సగం సింహం సగం మనిషి, తర్వాత పొట్టివాడు, ఆ తర్వాత మనుషులు. నీళ్ళ నుంచి నేలకు, జంతువు నుంచి మనిషికి. మా పెద్దవాళ్ళకు ఇది ముందే తెలుసు.

గది కరిగిపోయింది. ఎంత అందంగా ఉందో అని ఒకామె అంది. ప్రిన్సిపాల్ రాసుకున్నాడు. పంది ఎవరికీ పూర్వీకుడు కాదని, పరిణామం మెట్లెక్కి మనిషి దగ్గర ఆగే వరుస కాదని నా ఏడో నోటుబుక్కులో నా చేత్తోనే రాసుకున్నాను. తెలిసే అన్నాను. తెలియక చేసి ఉంటే ఇప్పుడు ఇది రాసేదాన్ని కాదు.

అక్క చెయ్యెత్తి, తనకూ ఈ వరుస చాలా నచ్చిందని ఇంగ్లిష్‌లో గదికంతా చెప్పింది. తర్వాత నావైపు తిరిగి, కమిటీ వాళ్ళకు అర్థం కాకుండా తెలుగులో అంది.

“నేనూ అదే కదా చెల్లెమ్మా మొదట్నుంచీ అంటున్నది. వరుస ఉందంటే, వరుస పెట్టినవాడు ఉన్నట్టే.”

నా ఐదు నిమిషాలు అయిపోయాయి. మా అమ్మాయి కుర్చీలో కాళ్ళు ఊపడం ఆపి నన్నే చూస్తోంది. దానికి తెలుగు మాట్లాడటం అంతగా రాదు. అర్థం మాత్రం అంతా అవుతుంది.

రెండు రోజులు నేను సంతోషంగానే ఉన్నాను, అది కూడా దాచను. మీటింగుకు వచ్చిన ఒక తెలుగు తల్లి నా మాటలను వాట్సాప్‌లో పెట్టింది. హాబ్సన్‌విల్ నుంచి తెలుగు సంఘం అంకుల్ ఒకాయన ఫోన్ చేసి, మేడమ్, మీరు మనవాళ్ళ పరువు నిలబెట్టారట, దీపావళి ఫంక్షన్‌లో ఇదే విషయం మీద పది నిమిషాలు మాట్లాడాలి అన్నాడు. ఆ సంఘంలో అందరూ ఇంజినీర్లు, డాక్టర్లు. అంతవరకు ఆ ఫంక్షన్లలో నేను వడ్డన వైపు నిలబడేదాన్ని. వస్తానన్నాను.

సోమవారం బడి నుంచి ఈమెయిల్ వచ్చింది. కమిటీ నా మాటలను ఎంతో గౌరవించిందని, పోస్టరును మళ్ళీ పెట్టామని, ఈసారి అందరూ చూసేలా హాలు గుమ్మం దగ్గరే పెట్టామని. బడి వదిలే వేళకు వెళ్ళి చూశాను. రంగు కాగితాల అక్షరాలతో పెద్ద బోర్డు: ‘మన కుటుంబాల సృష్టి కథలు’. ఒక పక్క చర్చి వాళ్ళ కథలోని జంతువుల ఓడ. ఇంకో పక్క నేలనూ ఆకాశాన్నీ విడదీసిన, ఈ దేశపు మూలవాసుల మావోరీ కథ, ఒక పిల్ల శ్రద్ధగా వేసిన బొమ్మ. మధ్యలో మా కివీ. దాని పక్కన ఇంటర్నెట్‌లోంచి తీసి ప్రింటు వేసిన దశావతారాలు, కింద మా కుటుంబానికి కృతజ్ఞతలు. ఆ బోర్డు మీద ఉన్నవన్నీ కథలే, అని చెప్పుకున్నవే. మా అమ్మాయి చేసింది ఒక్కటే కథ కాదు. దాన్ని అక్కడికి చేర్చింది అక్క కాదు, టీచరు కాదు.

అమ్మాయి నా పక్కన నిలబడి చదివింది. కోపం వస్తే అది ఇంగ్లిష్‌లోకి వెళ్ళిపోతుంది. ఆ రోజు మాత్రం వెతుక్కుని వెతుక్కుని తెలుగులో అంది.

“ఇది స్టోరీ కాదమ్మా. నువ్వు స్టోరీ చేశావ్.”

ఇంటి దాకా నా చెయ్యి పట్టుకోలేదు.

మర్నాడు లైబ్రరీలో కూర్చుని కమిటీకి ఉత్తరం రాశాను. మూడుసార్లు చించి నాలుగోసారి రాశాను. ఆ సాయంత్రం నేను అవతారాల గురించి అన్నది తప్పు. అవి నేను మొక్కేవి, వాటికీ జీవశాస్త్రానికీ సంబంధం లేదు. అది తెలిసే అన్నాను. నా కూతురు రాసింది మ్యూజియంలో ఉన్న ఎముకల గురించి. పోస్టరును క్లాసు గోడకు ఇటువైపు తిప్పి పెట్టండి, లేదా దాన్ని ఆమెకు ఇచ్చేయండి. సంఘం అంకుల్‌కు ఫోన్ చేసి రానని చెప్పాను. అంటే దశావతారాలు అబద్ధమంటారా అని గద్దించాడు. అబద్ధమని కాదు, సైన్సు కాదని అన్నాను. రెండూ ఒకటే కదమ్మా అన్నాడు. మిమ్మల్నీ మా గుంటూరు అక్కనూ ఒకే గదిలో కూర్చోబెడితే హాయిగా కాలక్షేపం చేస్తారు అన్నాను. ఆ తర్వాత వడ్డనకు కూడా పిలవలేదు.

కమిటీ రెండో మాటే విన్నది. పోస్టరును చుట్టి, రబ్బరు బ్యాండు వేసి అమ్మాయి చేతికి ఇచ్చారు. మూలలు చిరిగాయి. నేను ముందు గదిలో పెడదామని మేకు కొట్టబోతే వద్దంది. ఇక్కడ పెడితే ఎవరు చూస్తారు, మనకు ముందే తెలుసు కదా అంది. బీరువా వెనక్కి తోసేసింది. టర్మ్ అయిపోయింది, ఇక్కడ డిసెంబరులో మొదలయ్యే వేసవి సెలవులు వచ్చాయి. అక్క శుక్రవారాలు వేరే దుకాణానికి వెళ్తోందని తెలిసింది. అక్కడ కూడా కాయలు విరుస్తోందనీ తెలిసింది.

ఫిబ్రవరిలో ఫారం వచ్చింది. కారణం అన్న చోట ఈసారి ఏమీ రాయలేదు. సంతకం ఒక్కటే పెట్టాను. సంచీలో మరిచిపోయి, ఆ బుధవారం నాకు సెలవు కావడంతో నేనే ఇవ్వడానికి వెళ్ళాను. తొమ్మిదిన్నర దాటింది.

వరండాలో పొట్టి బెంచీ మీద, మూడేళ్ళ అలవాటుతో ఫారం అందకముందే, మా అమ్మాయి కూర్చుని ఉంది. రంగుల కాగితం లేదు. పక్కన గోడకు ఆనించి పోస్టరు నిలబెట్టి ఉంది, మూలలకు కొత్తగా టేపు, కింద జారకుండా తన రెండు షూలు అడ్డం. ఆఫీసుకు వెళ్ళేవాళ్ళందరూ దాని ముందు నుంచే వెళ్ళాలి. ఎప్పుడు బీరువా వెనక నుంచి తీసిందో నాకు తెలియదు. ఆఫీసు ఆమెను అడిగితే భుజాలెగరేసింది. ఇక్కడ ఏమీ పెట్టకూడదని బడి రూలు ఉందని చెప్పారట. ఇప్పుడు బడి మూసి ఉంది కదా, రూల్స్ ఎలా ఉంటాయి అని మా అమ్మాయి అడిగిందట. ప్రిన్సిపాల్ తన గదిలోకి వెళ్ళిపోయాడట.

నేను ఫారం ఇస్తుండగా అక్క వచ్చింది, భుజాన సంచీ, ఆలస్యమై వేగంగా నడుస్తోంది. నన్ను చూడనట్టు దాటింది. పోస్టరు దగ్గర మాత్రం ఆగింది.

“ఇంకా దీన్ని మోస్తున్నావా తల్లీ?” అంది.

“గోరు ఎందుకుంది ఆంటీ?” అంది మా అమ్మాయి.

అక్క ఆ అగ్గిపుల్లంత రెక్క వైపు ఒక్క క్షణం వంగి చూసింది. చేతి గడియారం చూసుకుని క్లాసులోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను అక్కడే బెంచీ చివర కూర్చున్నాను. అమ్మాయి జరగలేదు, వెళ్ళమనీ అనలేదు. పదింటికి బడి తెరిచారు. అది షూలు తొడుక్కుని, పోస్టరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి చంకలో పెట్టుకుని క్లాసుకు వెళ్ళింది. వచ్చే బుధవారం టేపు కావాలని వెళ్తూ చెప్పింది.